ఎద్దుకు తిరిగిచ్చిన సోమవారం

మున్నేటి వంతెన దాటి ఎడమకు తిరిగితే గానుగకుదురు వస్తుంది. బస్సు దిగిన యాత్రికులు ఎవరినీ దారి అడగనక్కరలేదు. నువ్వుల నూనె వాసన పట్టుకుని నడిస్తే నేరుగా శ్రీ గానుగ మల్లేశ్వరస్వామి వాకిట్లో నిలబడతారు. గోపురం పెద్దది కాదు, ప్రాకారమూ అంతంతమాత్రమే. ఇంతకంటే ఘనమైన గుళ్ళు చుట్టుపక్కల చాలా ఉన్నాయి. వాటికీ వెళ్ళి రండి, మాకేమీ అభ్యంతరం లేదు. ఇక్కడి స్వామివంటి స్వామిని మాత్రం మరెక్కడా చూడలేరు.

గర్భగుడిలో పానవట్టం ఉండదు. ఆ స్థానంలో నల్లరాతి గానుగ రోలు ఉంటుంది. రోటి అడుగున, భూమిలోంచి మొలిచినట్టున్న చిన్న లింగం దర్శనమిస్తుంది. లింగం శిరస్సు నున్నగా అరిగి, గిద్దెడు నూనె పట్టేంత గుంట పడి ఉంటుంది. వచ్చిన ప్రతివారూ మొదట ఆ గుంట సంగతే అడుగుతారు. తరువాత గుడి ముందున్న కొయ్య గానుగను చూసి, దాని కాడిని ఎద్దు మెడకు కాక మనుషుల భుజాలకు సరిపోయేటట్టు ఎందుకు చెక్కారని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే కథ. మా పెద్దలు చెప్పినది చెప్పినట్టు ఇక్కడ వ్రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ తెలికులవారి వీధులు ఏటి ఒడ్డు నుంచి దుర్గం దారి దాకా సాగి ఉండేవి. ఏ ఇంట చూసినా గానుగే. వారందరికీ కలిపి ఒక సంఘం ఉండేది. దానిని సమయం అనేవారు. ఊరి నడుమనున్న సమయ మంటపమే వారికి సభ, అదే వారికి గుడి. కొత్తగా గానుగ పెట్టదలచినవాడు తన చేతి నూనెతో ఆ మంటపంలో దీపం పెట్టాలి. అది చిటపటలాడకుండా తెల్లవార్లూ వెలిగితే తాంబూలం ఇచ్చి సమయంలో చేర్చుకునేవారు. చేరినవాడికి ఇక ఏ లోటూ ఉండేది కాదు. జబ్బు పడితే పొరుగువారు వచ్చి అతని గానుగ ఆడేవారు. పోతే పాడె మోయడానికి సమయమే భుజం పట్టేది, మిగిలిన ఆలుబిడ్డలకు నువ్వులు కొలిచి ఇచ్చేది. ఉగాది నాటి విందులో తాంబూలాల వరుస ఎక్కడైనా తప్పిందా, ఆ అలక తీర్చడానికి మళ్ళీ ఉగాది రావలసిందే.

అన్నింటికీ మించి వారికి ఒక మర్యాద ఉండేది. తెలికులవారి పెళ్ళికూతురు తెల్లగుర్రం ఎక్కి, గొడుగు పట్టించుకుని, శంఖం ఊదించుకుంటూ రాజవీధిలో ఊరేగవచ్చు. ఏ కాలంలోనో ఒక రాజు ఇచ్చిన ఆ గుర్రపు మర్యాదను వారు ప్రాణంకంటే ఎక్కువగా చూసుకునేవారు.

మర్యాద ఉన్నచోట కట్టుబాటూ ఉంటుంది. వారికి రెండే గట్టి కట్టుబాట్లు. మొదటిది, సోమవారం ఊళ్ళో గానుగ మోగరాదు. వారమంతా కళ్ళకు గంతలతో తిరిగే ఎద్దుకు ఆ ఒక్క రోజు శివుడి పేరిట విడుపు. తప్పినవారికి వెలి. రెండవది, మంటపంలోని సమయ దీపం ఎన్నడూ కొండెక్కరాదు. ఇంటింటికీ వంతు వేసుకుని వారం వారం నూనె పోసేవారు. ఏ ఇంటి నూనెతో దీపానికి చేటు వస్తే ఆ ఇంటి పెళ్ళికి గుర్రం లేదు. ఆడపిల్ల వీధిలో నడిచి పోవలసిందే.

ఆ రోజుల్లో సమయానికి కొమ్మన శెట్టి పెద్ద. నిలువెత్తు మనిషి. చేతిలో వెండిపొన్ను కర్ర ఉండేది. ఆ కర్ర నేలకు తాకితే సభ నోరు మూసుకునేది. న్యాయం చెప్పేటప్పుడు కొమ్మన శెట్టికి చుట్టరికాలు గుర్తుండవని జనం అనుకునేవారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆయనకు మీసం మీదికి చెయ్యి పోయేది. ఆయన చెల్లెలు కాచమను అదే ఊళ్ళో మేడన శెట్టికి ఇచ్చారు. మేడన మెతక మనిషి, నాలుగు మాటలు అనవలసినచోట ఒకటి అని ఊరుకునేవాడు. మిగిలిన మూడూ కాచమ అనేది.

కొమ్మన శెట్టి ఒక్కగానొక్క కూతురు అక్కమ పెళ్ళి కుదిరింది. దూరాన ఉన్న రేవు పట్నం తెలికులవారు వియ్యంకులు. సోమవారం సాయంత్రం ఊరేగింపు. సరిగ్గా ఆ వారమే సమయ దీపం వంతు కొమ్మన శెట్టి ఇంటికి వచ్చింది. వంతు మార్చుకోమని నలుగురూ చెప్పారు. ఆయన వినలేదు. బిడ్డ గుర్రమెక్కే వేళ మంటపంలో తన నూనెతోనే దీపం వెలగాలని ఆయన పంతం. తండ్రి మనసు, తప్పు పట్టలేము.

పెళ్ళి వంటకు ఊరంతా నూనె ఇచ్చింది. ఎంతగా ఇచ్చిందంటే, అరిసెల మూకుళ్ళు నిండాయి గాని ఊళ్ళో ఏ ఇంటా పోపుకు చుక్క మిగలలేదు. ఆదివారం పొద్దుగూకే వేళ కొమ్మన శెట్టి దీపపు నూనె తానే ఆడడానికి కూర్చున్నాడు. ఒక పక్క వియ్యాలవారి బండ్లు దిగుతున్నాయి. ఇంకో పక్క పందిట్లోంచి పిలుపులు. నువ్వులు గానుగలో ముద్దకట్టి నూనె విడవాలంటే మధ్యమధ్య కాసిని నీళ్ళు చిలకరించాలి. ఆయన తొందరలో చెంబుతో ఒంపాడు. నూనె గబగబా దిగినట్టే కనిపించింది. అలాంటి నూనెను కదపకుండా ఉంచితే తేరుతుంది, నీరు అడుగుకు పోతుంది. ఆయన అదీ చేయలేదు. గుడ్డలో వడగట్టి కుండకెత్తి మంటపానికి పంపేశాడు. పని తెలియనివాడు చేసే తప్పు కాదిది. చేయి తిరిగినవాడు తన చేతిమీద నమ్మకంతో చేసే తప్పు.

సోమవారం పొద్దున ఊరు నిశ్శబ్దంగా ఉంది. పందిట్లో వియ్యాలవారికి ఫలహారాలు పెడుతుండగా ఎక్కడినుంచో కిర్రుమని చప్పుడు వచ్చింది. ఒకసారి ఆగి మళ్ళీ వచ్చింది. గానుగ. విస్తళ్ళ ముందు కూర్చున్నవారంతా తెలికులే, ఆ చప్పుడు ఏమిటో ఎవరూ ఎవరికీ చెప్పవలసిన పని లేకపోయింది. అందరూ కొమ్మన శెట్టి ముఖం చూశారు.

ఆయన కర్ర అందుకుని పెద్దలతో కలిసి చప్పుడు వైపు నడిచాడు. అది మేడన ఇంటి పెరడు. ఎద్దు గుండ్రంగా తిరుగుతోంది. మేడన దాని వెనుక ఉన్నాడు.

"ఏంది బావా ఇది? ఇవాళ ఏ వారం?" అని కొమ్మన శెట్టి అడిగాడు.

"సోమవారం బావా."

"తెలిసే కట్టావా?"

"తెలిసే కట్టాను. నూనె కావలసి వచ్చింది."

"ఎవరికి?"

మేడన ఎద్దును ఆపాడు. దాని కళ్ళ గంతలు విప్పి మెడ నిమిరాడు. "కావలసినవాళ్ళకి," అన్నాడు.

కాచమ గడపలో నిలబడి ఏదో చెప్పబోయింది. మేడన ఆమె వైపు ఒక్కసారి చూశాడు. జీవితంలో మొదటిసారి కాచమ నోరు మూసుకుంది. ఆ వింతను కొమ్మన శెట్టి గమనించి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది. ఆయనకు కనిపించింది వియ్యాలవారి కళ్ళు మాత్రమే.

కర్ర నేలకు తాకింది. "ఈ ఇంటికి నిప్పు లేదు, నీళ్ళు లేవు, భుజం లేదు," అని ఆయన తీర్పు చెప్పాడు. ఆలుమగలు ఆ పూటే పొలిమేర దాటాలి. పెళ్ళి ముగియగానే ఆ గానుగ రోలును పెకలించి ఏట్లో వేయాలి. సొంత చెల్లెలి మొగుడని కూడా చూడలేదని వియ్యాలవారు ముక్కున వేలేసుకున్నారు. ఆ మెచ్చుకోలు ఆయనకు తియ్యగానే ఉంది. లోపలెక్కడో చేదుగా ఉన్న సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం శంఖం మోగింది. అక్కమ తెల్లగుర్రం మీద రాజవీధిలో బయలుదేరింది. మేడన వాకిటి ముందుకు వచ్చేసరికి ఆ పిల్ల కళ్ళెం పట్టినవాడిని ఆగమంది. పుట్టిననాటి నుంచి తనను ఎత్తుకు తిరిగిన ఇల్లు అది.

"అత్త వాళ్ళ తలుపు మూసి ఉందేం నాన్నా? మామయ్య ఏడీ?"

"పోనివ్వండి ముందుకు," అన్నాడు కొమ్మన శెట్టి. గుర్రం ముందుకు పోయింది. పెళ్ళికూతురు మాత్రం వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉంది.

అయిదు రోజుల పెళ్ళీ ముగిసింది. పిల్లను పంపించాక సమయం మేడన పెరట్లో చేరి రోటి చుట్టూ తవ్వింది. ఎంత తవ్వినా రాతి అడుగు తగలలేదు. మోకులు కట్టి ఎద్దులతో లాగించారు. మోకులు తెగాయి, ఎద్దులు మోకాళ్ళ మీద కూలాయి, రోలు వెంట్రుకవాసి కదలలేదు. చీకటి పడుతుంటే, రేపు పొరుగూరి ఎద్దులను కూడా తెద్దామని చెప్పి కొమ్మన శెట్టి ఇంటికి పోయాడు.

ఆనాటి కలలో ఆయనకు సమయ మంటపం కనిపించింది. దీపం పక్కన ఒక ముసలి జంగమయ్య కూర్చుని ఉన్నాడు. ఒంటినిండా విభూతి, తల మీద మానని దెబ్బ.

"కొమ్మనా, నా ఎదుట వెలుగుతున్నది ఎవరి నూనె?" అని జంగమయ్య అడిగాడు.

"నాదే స్వామీ. ఈ వారం వంతు నాది," అని కొమ్మన శెట్టి ధీమాగా జవాబిచ్చాడు.

"అయితే నీ కుండ ఇంకా నిండుగా ఉందేం?"

తెల్లవారీ తెల్లవారకముందే ఆయన మంటపానికి పోయాడు. దీపం నిలకడగా వెలుగుతోంది. దాని వెనుక తన ఇంటి గుర్తు వేసిన కుండ ఉంది. ఎత్తి చూస్తే నిండు బరువు. దాని పక్కన గుర్తు లేని చిన్న కుండ, అడుగంటిన నూనెతో ఉంది. మంటపం ఊడుస్తున్న పూజారిని పిలిచి అడిగాడు.

"మొన్న సోమవారం, వెలి సంగతి నాకింకా తెలియకముందే, మేడన శెట్టి తెచ్చి పెట్టాడండీ. పెద్ద శెట్టిగారి ఇంటినుంచే మారు కుండ వచ్చిందన్నాడు. దీపానికి అదే పోస్తున్నాను," అన్నాడు పూజారి.

కొమ్మన శెట్టి తన కుండను ముంగిట్లోకి తెచ్చి మెల్లగా వంచాడు. ముందు నూనె వచ్చింది. వస్తూ వస్తూ పలచబడింది. చివరికి ఏటి నీళ్ళవలె ఉత్త నీళ్ళు వచ్చాయి. ఇన్నాళ్ళు కదలకుండా ఉన్న కుండలో నూనె తేరి, ఆయన తొందర అంతా అడుగున పేరుకుని ఉంది. తెలికిబిడ్డకు ఇంకొకరు విప్పి చెప్పనక్కరలేదు. దీపం చిటపటలాడి ఉంటుంది. మేడన చూసి ఉంటాడు. ఊళ్ళో చుక్క నూనె లేదు. ఉన్నది పెళ్ళి వంటశాలలోనే. అక్కడికి వచ్చి దీపానికి నూనె అడిగితే వియ్యాలవారి ముందు కొమ్మన శెట్టి తల తెగినట్టే, అక్కమ గుర్రం దిగినట్టే. అందుకే ఎద్దును కట్టాడు. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు. సభలో అందరి తప్పులూ చూడగలిగిన ఆయన, తన కుండలోకి తొంగి చూడలేదు. ఆయన మంటపం మెట్ల మీద కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

పొలిమేర అవతల ఏటి ఒడ్డున తాటాకు పాకలో మేడన, కాచమ గంజి కాచుకుంటున్నారు. ఎద్దు పక్కనే గడ్డి మేస్తోంది. కొమ్మన శెట్టి చెప్పులు విడిచి పాక ముందు నిలబడ్డాడు.

"ఒక్క మాట చెప్పి ఉంటే పోయేది గదా బావా."

"చెబితే అక్కమ నడిచి పోవాల్సి వచ్చేది," అన్నాడు మేడన.

"నా చెవిలోనన్నా చెప్పకపోయావా?"

"నీ చెవిలో చెబితే నువ్వే దించేవాడివి అన్నా," అంది కాచమ. "నీ సంగతి నాకు తెలీదా? మన ఊళ్ళో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. ఈ మనిషి నోట్లో మాత్రం బస్తా నువ్వులైనా నానతయ్. ఈ అయిదు రోజులూ నన్ను కూడా నానబెట్టాడు."

కొమ్మన శెట్టి వారిద్దరినీ వెంటబెట్టుకుని ఊళ్ళోకి వచ్చాడు. మేడన పెరట్లో అప్పటికే ఎద్దులు, మోకులు, జనం సిద్ధంగా ఉన్నారు. ఆయన అందరి ఎదుట జరిగినది జరిగినట్టు చెప్పి, వెండిపొన్ను కర్రను నేల మీద పెట్టాడు. "నా ఇంటి నూనె దీపానికి చేటు తెచ్చింది. నా బిడ్డ ఎక్కకూడని గుర్రం ఎక్కింది. అన్నం పెట్టిన చేతిని నేను వెలివేశాను. నన్నూ వెలివేయండి," అన్నాడు.

సభ చిక్కులో పడింది. దీపం కాపాడినా, సోమవారం గానుగ ఆడిన మాట వాస్తవం. దీపం ఆరకపోయినా, నీళ్ళ నూనె పోసిన మాట వాస్తవం. ఇద్దరినీ వెలివేస్తే సమయానికి తల పోతుంది, గుండె కూడా పోతుంది. ఇద్దరినీ వదిలేస్తే ఇక కట్టుబాటు ఎవరు వింటారు? వయసు మళ్ళిన ప్రోలయ శెట్టి లేచాడు. "ఊళ్ళో ఒక్క ఇంటనైనా దీపానికని గిద్దెడు నూనె దాచామా? అంతా పెళ్ళి మూకుళ్ళలో పోసి వచ్చాం. తిలాపాపం తలా పిడికెడు," అన్నాడు. అందరూ తల ఊపారు గాని దారి మాత్రం దొరకలేదు.

అప్పుడు కాచమ ముందుకు వచ్చింది. "ఇంతకీ నష్టపోయింది ఎవరయ్యా? మీరు పోగొట్టుకున్నదేముంది? సోమవారం పోగొట్టుకున్నది మా ఎద్దు. దాన్ని ఎవరన్నా అడిగారా? దాని సోమవారం దానికి తిరిగివ్వండి. తప్పు చేసినోళ్ళే కాడి కింద మెడ పెట్టి, అది కూర్చుని చూస్తుంటే గానుగ తిప్పండి," అంది.

మొదట ఎవరో నవ్వారు. తరువాత ఎవరూ నవ్వలేదు. ప్రోలయ శెట్టి కింద ఉన్న కర్రను తీసి, తీర్పు కుదిరిందని నేలకు తాకించాడు.

పెకలించడానికి తవ్విన గోతిని కొమ్మన శెట్టి తన చేతులతోనే పూడ్చాడు. సోమవారం నాటి తెలకపిండి రోట్లో ఎండి బిగిసి ఉంది. వెలిపడ్డ ఇంటి రోట్లో ఎవరు చెయ్యి పెడతారు? ఆయనే రోకలి తీసి, రోట్లో చెయ్యి పెట్టి ఆ పిండిని గోకి తీశాడు. అడుగున వేళ్ళకు గుండ్రని రాయి తగిలింది. పిండి తుడిచి చూస్తే లింగం. తరతరాలుగా రోకలి రాపిడి తిని శిరస్సు గుంటపడిన లింగం. కలలో జంగమయ్య తల మీది దెబ్బ ఆయనకు గుర్తుకు వచ్చింది. రోలు కుదురు కదలకపోవడానికి కారణం అప్పుడు ఊరికి తెలిసింది. ఎవరి ఇల్లు ఊరికి వెలి అయిందో, ఆ ఇంట్లోనే స్వామి కాపురం ఉన్నాడు. ఆనాటి నుంచి ఈ ఊరు గానుగకుదురు అయింది.

మేడన రోలు ఇక స్వామిది కనుక, తరువాతి సోమవారం ఊరంతా కొమ్మన శెట్టి పెరట్లో చేరింది. మేడన ఎద్దుకు పసుపు రాసి, బంతిపూల దండ వేసి, పందిరి కింద నిలబెట్టి ముందు తెలకపిండి పెట్టారు. కాడికి ఒక పక్క కొమ్మన శెట్టి, ఇంకో పక్క మేడన మెడ పెట్టారు. ఒకరి అడుగు ఒకరికి కలవక ముందు కాసేపు గానుగ కదలలేదు. కలిశాక కదిలింది. కొమ్మన శెట్టి అలవాటుగా నీళ్ళ చెంబు వైపు చూశాడు.

"నువ్వు ముట్టుకోకు అన్నా. నీళ్ళు నేను చిలకరిస్తా," అంది కాచమ.

నూనె దిగేవేళకు అక్కమ అత్తవారింటి దారిలోంచే వెనక్కి వచ్చింది. సంగతి విని, పొలిమేరలో బండి దిగి, రాజవీధి పొడుగునా నడిచే వచ్చింది. మూసిన తలుపు ముందునుంచి గుర్రం మీద పోయిన వీధి అది. మేడన భుజం మీద కాడి ఒరిసిన చోట తన కొంగుతో నూనె అద్దింది. ఆ తొలి నూనెను బావలిద్దరూ ఒకే గిద్దెతో పట్టి లింగం శిరస్సున పోశారు. గుంట సరిగ్గా నిండింది. ఆ నూనెతోనే సమయ దీపం నింపారు. అది చిటపటమనలేదు.

నేటికీ కార్తీకమాసం చివరి సోమవారం నాడు తెలికులవారు ఎక్కడెక్కడి ఊళ్ళనుంచో ఇక్కడికి వస్తారు. గానుగలు పోయి మిల్లులు వచ్చాయి, వాటికీ సోమవారం సెలవే. పెళ్ళికూతుళ్ళు గుర్రాలకు బదులు కార్లలో ఊరేగుతున్నారు. గుడి ముందుకు రాగానే ఎవరూ చెప్పకుండానే డ్రైవరు ఇంజన్ ఆపుతాడు, పిల్ల దిగి నడిచి పోతుంది.

ఆ సోమవారం గుడి ముందున్న గానుగను మనుషులే తిప్పుతారు. ఆ ఏడు తప్పు చేశామనుకున్నవారు కాడికి ఒక పక్క నిలబడతారు. రెండో పక్క నిలబడవలసినవారు, వారి వల్ల నొచ్చుకున్నవారు. ఒక్క మనిషి లాగితే ఆ గానుగ కదలదు. పొలం గట్టు దగ్గర విడిపోయిన అన్నదమ్ములు, మాటలు మానేసిన వియ్యాలవారు, తల్లీకూతుళ్ళు కూడా ఆ కాడి కింద మెడ పెట్టడం చూశాము. అలా దిగిన తొలి గిద్దెడు నూనె వారి చేతులతోనే స్వామికి పోయిస్తారు, అగ్రతాంబూలం వారికే ఇస్తారు. ఆ నూనె ప్రసాదంగా తీసుకువెళ్ళి ఇంట దీపం పెట్టుకున్నవారి ఇళ్ళలో కలతలు నిలవవని పెద్దల మాట, మా అనుభవం కూడా.

ఒక పక్క మనిషి వచ్చి, రెండో పక్కవారు రాకపోతే ఏమిటని భక్తులు అడుగుతుంటారు. వచ్చినవారు కాడి ఎత్తుకుని అలాగే నిలబడి ఉంటారు. మేళం ఆగుతుంది. జనం కూర్చుంటారు. దండ వేసుకున్న ఎద్దు పందిరి కింద నెమరు వేస్తూ చూస్తుంటుంది. పొద్దు వాలేలోగా రెండో మనిషి రాకపోవడం ఈ ఊళ్ళో ఇంతవరకు జరగలేదు.